కలయిక తర్వాత మంట, నొప్పి: ఆయింట్‌మెంట్ కంటే ముందు షుగర్ పరీక్ష

ప్రశ్న: నా వయసు 36. పెళ్లయి తొమ్మిదేళ్లు. మండల కేంద్రంలో ఎరువుల దుకాణం నడుపుతున్నాను. మూడు నెలలుగా భార్యతో కలిసిన తర్వాత అంగం చివర మంట పుడుతోంది. ముందు చర్మం అంచున సన్నని చీలికలు కనిపిస్తున్నాయి. రెండు మూడు రోజులకు మానిపోతాయి, మళ్లీ కలిస్తే మళ్లీ మొదలు. ఇప్పుడు చర్మం వెనక్కి జరపడమే కష్టంగా ఉంది. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తే ఒక వారం హాయిగా ఉండి, ఆపేయగానే ముందుకంటే ఎక్కువైంది. వేడి చేసి ఉంటుంది, మజ్జిగ తాగమని స్నేహితుడు అన్నాడు. ఈ మధ్య ఒకసారి ఎడమ వృషణం కూడా లాగినట్టు నొప్పి పెట్టి గంటలో తగ్గింది. పరాయి స్త్రీ దగ్గరకు ఎన్నడూ వెళ్లలేదు. నొప్పికి భయపడి దూరంగా ఉంటుంటే నా భార్య వేరే అర్థం తీసుకుంటోంది. ఇది సుఖవ్యాధా? నరాల బలహీనతా? డాక్టర్‌కు చూపించుకునేంత విషయమేనా? చూపించుకుంటే ఏ డాక్టర్‌కు? మా నాన్నగారికి షుగర్ ఉంది, నాకు లేదు. పేరు, ఊరు వేయవద్దని మనవి.

సమాధానం: ఉత్తరమంతా చదివాక నన్ను పట్టుకున్నది చివర్లో మీరు రాసిన ఒక మాట. నాన్నగారికి షుగర్ ఉంది, మీకు లేదు అన్నారు. లేదని ఎలా తెలిసింది? రక్తపరీక్ష చేయించుకున్నట్టు ఎక్కడా రాయలేదు. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి ఆ సంగతే తెలియదు. దాహం, అతిమూత్రం, నీరసం లాంటివి బాగా ముదిరాక గాని బయటపడవు. మగవాళ్లలో కొందరికి అన్నిటికంటే ముందు కనిపించే గుర్తు మీరు రాసిన ఈ చీలికలే.

అంతకుముందు సులువుగా వెనక్కి జరిగిన ముందు చర్మం నడివయసులో బిగుసుకుపోయి, కలిసిన ప్రతిసారీ చీలుతూ మండుతుంటే, అనుభవం ఉన్న ఏ డాక్టరైనా మొదట రాసే పరీక్ష రక్తంలో చక్కెరదే. కారణం చెబుతాను. రక్తంలో చక్కెర దాదాపు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి. మూత్రం పోసిన తర్వాత ముందు చర్మం లోపల రెండు చుక్కలు నిలిచిపోవడం మామూలే. ఆ చుక్కల్లో చక్కెర ఉండి, ఆ చోటు వెచ్చగా, చెమ్మగా ఉంటే క్యాండిడా అనే ఫంగస్ పెరగడానికి అంతకంటే అనువైన స్థలం లేదు. చర్మం వాస్తుంది, ఎర్రబడుతుంది, ఒక్కోసారి తెల్లటి పెరుగు తరకల్లాంటి పదార్థం చేరుతుంది. వాచిన చర్మానికి సాగే గుణం తగ్గుతుంది. ఆ స్థితిలో కలిస్తే చీలుతుంది. చీలిక మానేటప్పుడు మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చర్మం ఇంకా బిగుస్తుంది, తరువాతిసారి ఇంకా తేలికగా చీలుతుంది. మీరు మూడు నెలలుగా ఈ వలయంలో తిరుగుతున్నారని నా అనుమానం. చూడకుండా రోగం పేరు ఖాయం చేయకూడదు, నేను చేయడం లేదు. కానీ పరీక్ష చేయించుకోవడానికి ఈ అనుమానం చాలు.

పరగడుపున ఒకటి, తిన్న రెండు గంటలకు ఒకటి, వీటితో పాటు హెచ్‌బీఏ1సీ అనే మూడు నెలల సగటు పరీక్ష చేయించండి. పరగడుపు చక్కెర 126 గాని అంతకంటే ఎక్కువ గాని, హెచ్‌బీఏ1సీ 6.5 గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహం ఉన్నట్టే. ఫలితాన్ని మరోసారి సరిచూసి డాక్టర్ నిర్ధారిస్తారు. పరగడుపున 100 నుంచి 125 మధ్య ఉంటే గీత దగ్గర నిలబడ్డారని అర్థం. మన దేశంలో మధుమేహం ఉన్నవారు పది కోట్లు దాటారని 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం లెక్కగట్టింది. తండ్రికి ఉండి, వయసు ముప్పై అయిదు దాటి, రోజంతా దుకాణంలో కూర్చుని పనిచేసే మనిషి ఈ మంట లేకపోయినా ఆ పరీక్ష చేయించుకోవలసినవాడే.

ఇప్పటికే షుగర్ మందులు వాడుతున్న పాఠకులకు కూడా ఒక మాట. చక్కెరను మూత్రంలోకి పంపించి తగ్గించే మాత్రలు ఉన్నాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఆ జాతివే. గుండెకూ, మూత్రపిండాలకూ మేలు చేసే మంచి మందులే. కానీ వాటివల్ల జననాంగాల దగ్గర ఫంగస్ చేరడం బాగా తెలిసిన ఇబ్బంది. ఆ మాత్రలు మొదలుపెట్టాక మంట వచ్చిందంటే సిగ్గుపడకుండా మీ డాక్టర్‌కు చెప్పండి. మీ అంతట మీరు ఆపేయకండి. ఆ చోట వాపు త్వరగా పాకుతూ, చర్మం నల్లబడుతూ, జ్వరం వస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

ఆ ఆయింట్‌మెంట్ సంగతి. ట్యూబు మీద అక్షరాలు చదవండి. మందుల షాపుల్లో దురదకూ మంటకూ చేతికి ఇచ్చేవాటిలో చాలావాటిలో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ కలిసి ఉంటాయి. క్లోబెటసాల్, బెటామెథసోన్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడే. అది ఎరుపును, మంటను అణచివేస్తుంది కాబట్టి వారం రోజులు హాయిగా ఉంటుంది. లోపల ఫంగస్ మాత్రం చావదు. రాయడం ఆపగానే రెట్టింపై పైకి వస్తుంది. పైగా ఆ భాగంలో చర్మం చాలా పల్చన. నెలల తరబడి స్టెరాయిడ్ రాస్తే ఇంకా పల్చబడి, ముట్టుకుంటే చీలే స్థితికి వస్తుంది. మీకు వారం హాయిగా ఉండి, ఆపగానే ఎక్కువైంది ఇలాగేనని అనిపిస్తోంది. వెంటనే దాన్ని పక్కన పెట్టండి. ఇలాంటి మిశ్రమాలను చీటీ అడగకుండా, రోగం చూడకుండా చేతిలో పెట్టే పద్ధతి మీద నాకు చాలా కోపం ఉంది. తొడల్లో తామరతో మొదలైన కుర్రవాళ్లు నడుమంతా పాకించుకుని చర్మ డాక్టర్ల దగ్గర బారులు తీరడానికి ఇదే కారణం.

అయితే స్టెరాయిడ్ ఎప్పుడూ తప్పని కూడా అనలేను. లైకెన్ స్క్లెరోసస్ అనే మరో చర్మవ్యాధి ఉంది. అందులో ముందు చర్మం మీద తెల్లటి మచ్చలు ఏర్పడి, చర్మం నలిగిన కాగితంలా గట్టిపడుతుంది. బిగుసుకుపోతుంది, చీలుతుంది, అచ్చం మీరు చెప్పినట్టే. దానికి డాక్టర్ గట్టి స్టెరాయిడ్‌నే కొన్ని వారాలు లెక్కగా వాడిస్తారు. పట్టించుకోకపోతే మూత్రం వచ్చే రంధ్రం ఇరుకైపోతుంది. ఏళ్ల తరబడి వదిలేసినవారిలో కొద్దిమందికి అక్కడ క్యాన్సర్ వచ్చే ప్రమాదం కూడా ఉంది. ఒక రోగంలో మేలు చేసే మందు మరో రోగంలో చెడు చేస్తుంది. రెండూ కలయిక తర్వాత మంటగానే మొదలవుతాయి. అందుకే కళ్లతో చూసి చెప్పే డాక్టర్ కావాలి, కౌంటర్ అవతలి మనిషి సరిపోడు.

మీ స్నేహితుడు చెప్పిన "వేడి" గురించి. మజ్జిగ, బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరి నీళ్లు తాగితే నష్టమేమీ లేదు. మూత్రం చిక్కబడి మండుతుంటే నీళ్లు ఎక్కువ తాగడం మంచిది కూడా. కానీ మీకు మంట ఎక్కడ? చర్మం పైననా, మూత్రం వచ్చే దారిలోనా? ఈ తేడా గమనించండి. ఉప్పు తగిలిన పుండులా పైన చీలికల దగ్గర మాత్రమే చురుక్కుమంటే అది చర్మ సమస్య. మూత్రం పోసేటప్పుడు నాళం లోపల మంట, పొద్దున లేచేసరికి లోదుస్తుల మీద చీము మరక, రంధ్రం దగ్గర జిగురు ఉంటే అది నాళానికి సోకిన ఇన్‌ఫెక్షన్. పాతతరం సెగ అని పిలిచిన గనోరియా గాని, అంతకంటే నెమ్మదిగా నడిచే క్లమీడియా గాని అయి ఉండవచ్చు. ఈ రెండూ మజ్జిగకు తగ్గవు. కొన్నాళ్లకు లక్షణాలు వాటంతటవే సన్నగిల్లినా రోగం లోపలే ఉండి వృషణాల వైపు, భార్య గర్భాశయం వైపు పాకుతుంది. వేడి అనుకుని ఎదురుచూడడంలోని ప్రమాదం అక్కడే ఉంది. మీ ఉత్తరంలో ఆ లక్షణాలు లేవు. అయినా డాక్టర్ అడుగుతారు, నిజం చెప్పండి.

డాక్టర్‌కు చూపించుకునేంత విషయమేనా అన్నారు. అవును. ఈ వారంలోనే. అర్ధరాత్రి పరిగెత్తవలసినంత కాదు. కానీ అర్ధరాత్రి పరిగెత్తవలసిన పరిస్థితులు నాలుగు ఉన్నాయి, వాటిలో ఒకటి మీకు దగ్గరలోనే పొంచి ఉంది. అది ముందు చెబుతాను.

బిగుసుకుపోయిన ముందు చర్మాన్ని కలయికలోనో, కడుక్కునేటప్పుడో బలవంతంగా వెనక్కి లాగితే ఒక్కోసారి అది అంగం మొన వెనుక ఇరుక్కుపోయి ముందుకు రాదు. బిగించిన రబ్బరు బ్యాండులా అక్కడ కూర్చుంటుంది. మొన ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ చర్మం మరింత బిగుస్తుంది. కొన్ని గంటలు దాటితే మొనకు రక్తం అందక కణజాలం చనిపోవచ్చు. దీన్ని పారాఫైమోసిస్ అంటారు. తెల్లవారాక చూద్దాంలే అనుకోకూడదు. ఏ ఆస్పత్రి అత్యవసర విభాగంలోనైనా వాపును మెల్లగా నొక్కి తగ్గించి చర్మాన్ని ముందుకు తేగలరు, కుదరకపోతే చిన్న కోత పెడతారు. కాబట్టి పూర్తిగా మానేంతవరకు బలవంతంగా లాగకండి. లాగినా, వెంటనే ముందుకు తెచ్చి సరిచేయండి.

రెండోది అంగం విరగడం. ఎముక లేని చోట విరగడమేమిటని అనిపిస్తుంది. లోపల రక్తంతో నిండే గొట్టాల చుట్టూ ఒక గట్టి తొడుగు ఉంటుంది. మామూలప్పుడు సుమారు రెండు మిల్లీమీటర్ల మందం ఉండే ఆ తొడుగు, స్తంభన సమయంలో సాగి అర మిల్లీమీటరు కంటే కూడా పల్చబడుతుంది. ఆ సమయంలో అంగం జారి స్త్రీ కటి ఎముకకు గట్టిగా తగిలితే తొడుగు చిట్లుతుంది. స్త్రీ పైన ఉన్న భంగిమలో ఇలా జరగవచ్చు. టప్పుమని శబ్దం, తీవ్రమైన నొప్పి, ఆ క్షణంలోనే స్తంభన తగ్గిపోవడం, తర్వాత వాచి వంకాయలా ఊదారంగుకు తిరగడం. ఇవి కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. మూత్రనాళం కూడా తెగితే రంధ్రంలోంచి రక్తం వస్తుంది, మూత్రం పోయలేరు. ఒక రోజు లోపల ఆపరేషన్ చేసి కుట్టేస్తే చాలావరకు మునుపటిలా కోలుకుంటారు. సిగ్గుతో నాలుగు రోజులు ఇంట్లో పడుకున్నవారికి వంకర, స్తంభన లోపం శాశ్వతంగా మిగిలే అవకాశం ఉంది. నూనె రాసి మర్దన చేయకండి. గుడ్డలో చుట్టిన ఐసు ముక్క పెట్టుకుని బయలుదేరండి.

మూడోది వృషణం మెలిపడడం. వృషణం ఒక తాడు లాంటి దానికి వేలాడుతుంది, ఆ తాడులోనే రక్తనాళాలు ఉంటాయి. అది మెలిపడితే రక్తం ఆగిపోతుంది. ఎక్కువగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల్లో చూస్తాం గాని ఏ వయసులోనైనా రావచ్చు. నిద్రలో, ఆటలో, కలయిక తర్వాత ఎప్పుడైనా జరగవచ్చు. ఉన్నట్టుండి ఒకవైపు భరించలేని నొప్పి, వాంతులు, ఆ వృషణం పైకి లాగినట్టు ఉండడం దీని గుర్తులు. ఆరు గంటల లోపల మెలి విప్పితే వృషణం చాలావరకు దక్కుతుంది. రోజు గడిస్తే దక్కడం అరుదు. ఇళ్లలో పిల్లలు సిగ్గుపడి కడుపు నొప్పి అని మాత్రమే చెబుతారు. తల్లిదండ్రులు వాముతో సరిపెట్టి పడుకోబెడతారు. ఎదిగిన కొడుకులున్న ప్రతి తండ్రీ ఈ ఒక్క విషయం వాళ్లకు ముందుగానే చెప్పి ఉంచాలని గట్టిగా కోరుకుంటాను.

మీ ఎడమ వృషణం నొప్పి అలాంటిదేనా? లాగినట్టు ఉండి గంటలో తగ్గిందన్నారు. బరువుగా, నెమ్మదిగా మొదలైన నొప్పి అయితే ఎక్కువగా వెరికోసిల్ అనే ఉబ్బిన సిరలవల్లనో, ఉద్రేకం చాలాసేపు సాగి రక్తం నిలిచిపోవడం వల్లనో వస్తుంది. అది ప్రమాదం కాదు. అలా కాక ఒక్కసారిగా పొడిచినట్టు వచ్చి, వికారం పుట్టి, తర్వాత అంతే హఠాత్తుగా పోయి ఉంటే మెలిపడి తనంతట తాను విప్పుకుని ఉండవచ్చు. మరోసారి పడితే విడకపోవచ్చు కూడా. ఎలా వచ్చిందో గుర్తుచేసుకుని డాక్టర్‌కు తప్పక చెప్పండి.

నాలుగోది కలయిక ముగిసినా, కోరిక లేకపోయినా స్తంభన తగ్గకుండా నొప్పితో నాలుగు గంటలు దాటడం. లోపల నిలిచిన రక్తంలో ఆక్సిజన్ అయిపోతుంది. స్తంభన కోసం అంగంలోకి తీసుకునే ఇంజెక్షన్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, సికిల్ సెల్ రక్తవ్యాధి దీనికి కారణాలు. సికిల్ సెల్ మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో ఉన్న జబ్బు కాబట్టి అక్కడి యువకులకు ఇది తెలిసి ఉండాలి. స్నేహితుడు ఇచ్చాడని స్తంభన కోసం సిల్డెనాఫిల్ మాత్ర వేసుకునేవారికి మరో హెచ్చరిక. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవారు దాన్ని ముట్టుకుంటే రక్తపోటు పడిపోయి ప్రాణానికే ప్రమాదం.

ఈ నాలుగింటిలో ఏదైనా 108కి ఫోన్ చేయదగిన విషయమే.

ఇక ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవలసినవి. వృషణం వెనుక భాగం మెల్లమెల్లగా వాచి, ముట్టుకుంటే నొప్పి, జ్వరం, మూత్రంలో మంట ఉంటే ఎపిడిడిమిస్ అనే వీర్యనాళపు చుట్టకు ఇన్‌ఫెక్షన్ సోకి ఉండవచ్చు. ముప్పై అయిదేళ్ల లోపు వారిలో అది ఎక్కువగా కలయిక ద్వారా సోకేది, పెద్దవారిలో మూత్రం నుంచి చేరే బ్యాక్టీరియా వల్ల వచ్చేది. చలిజ్వరంతో పాటు వృషణాలకూ మలద్వారానికీ మధ్య పోటు, మూత్రం ఆగి ఆగి రావడం ఉంటే ప్రోస్టేట్ గ్రంథికి ఇన్‌ఫెక్షన్ సోకిందేమోనని చూడాలి. మూత్రం పూర్తిగా ఆగిపోతే ఒక్క గంట కూడా ఆగకూడదు. గుంపుగా నీటి పొక్కులు లేచి చితికి పుండ్లైతే హెర్పిస్ కావచ్చు. నొప్పి లేని ఒంటరి పుండు కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, సవాయి (సిఫిలిస్) అలాగే మొదలవుతుంది. వృషణంలో నొప్పి లేని గట్టి గడ్డ తగిలినా అంతే. యువకుల్లో వచ్చే వృషణాల క్యాన్సర్ సాధారణంగా నొప్పి లేకుండానే మొదలవుతుంది, త్వరగా పట్టుకుంటే చాలావరకు పూర్తిగా నయమవుతుంది.

వారాల తరబడి నడిచేవి కొన్ని ఉన్నాయి. వీర్యం పోయే క్షణంలోనో, తర్వాత కొన్ని గంటలో పొత్తికడుపు కింద, మలద్వారం ముందు భాగంలో లాగడం, పరీక్షలన్నీ బాగున్నా నొప్పి మూడు నెలలు దాటడం అనేది మగవాళ్లను మానసికంగా కుంగదీసే సమస్య. కటి కండరాలు బిగుసుకుపోవడం ఇందులో పెద్ద పాత్ర వహిస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి యాంటీబయోటిక్స్ మింగడం కంటే ఫిజియోథెరపీ, వేడినీటి తొట్టిలో కూర్చోవడం, నిద్ర, ఆందోళన తగ్గించుకోవడం ఎక్కువ పనిచేస్తాయి. స్తంభనలో అంగం కొత్తగా ఒక పక్కకు వంగి, లోపల గట్టి పలక లాంటిది చేతికి తగిలితే పెయిరోనీ వ్యాధి అంటారు. మొదటి ఏడాదిలోనే యూరాలజిస్టును, అంటే మూత్రవ్యవస్థ నిపుణుణ్ని, కలవడం మంచిది. మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వచ్చే నాళం కింది భాగంలో దిగుతున్న రాయి కూడా అంగం మొనలోనో, వృషణంలోనో నొప్పిగా తెలుస్తుంది.

కొత్తగా పెళ్లయినవాళ్లు భయపడి రాసే సమస్య ఒకటుంది. మొన కింది భాగంలో ముందు చర్మాన్ని పట్టి ఉంచే సన్నని మడత, కొందరు దాన్ని దారం అంటారు, మొదటి రాత్రుల్లో తెగి రక్తం వస్తుంది. చూడటానికి చాలా రక్తం పోయినట్టు ఉంటుంది. శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకుంటే ఆగుతుంది, రెండు వారాలు కలయిక మానేస్తే మానుతుంది. ఆగకపోతేనో, మళ్లీ మళ్లీ తెగుతుంటేనో చిన్న శస్త్రచికిత్సతో సరిచేస్తారు. వీర్యంలో రక్తం ఒక్కసారి కనిపించడం నలభై లోపు వారిలో చాలావరకు హానిలేనిదే. మళ్లీ కనిపిస్తే, లేదా వయసు నలభై దాటితే చూపించుకోండి.

నరాల బలహీనత అన్నారు. ఆ మాట మీకు ఎక్కడ దొరికిందో తెలుసు. బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్కన ప్రహరీల మీద దశాబ్దాలుగా రాసి ఉన్న ప్రకటనల్లో. చిన్నప్పటి అలవాట్లవల్ల నరాలు దెబ్బతిన్నాయని, వీర్యం పల్చబడిందని భయపెట్టి వేల రూపాయల పొడులు, లేహ్యాలు అంటగడతారు. మీకున్న చీలికలకూ, హస్తప్రయోగానికీ ఏ సంబంధమూ లేదు. షుగర్ ఉన్న మనిషి ఆ పొడుల మీద ఆరు నెలలు గడిపితే చక్కెర ఆ ఆరు నెలలూ నరాలనూ, కళ్లనూ తింటూనే ఉంటుంది.

ఏ డాక్టర్ అంటారా. మీ లక్షణాలకు చర్మవ్యాధుల నిపుణుడు గాని, యూరాలజిస్టు గాని సరైనవారు. మన దేశంలో చర్మ డాక్టర్లు చదివే పీజీ కోర్సే చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధులకు కలిపి ఉంటుంది. బోర్డు మీద ఆ మూడు మాటలు చూసి వెనక్కి తిరగకండి, మీలాంటివాళ్లను చూడటానికే ఆయన చదువుకున్నారు. మీ మండల కేంద్రంలో ఇద్దరూ లేకపోతే ముందు ఎంబీబీఎస్ డాక్టర్‌ను కలవండి, షుగర్ పరీక్షకు ఆయన చాలు. జిల్లా స్థాయి ప్రభుత్వ ఆస్పత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో సుఖవ్యాధుల పరీక్ష, మందులు, సలహా ఉచితంగా ఇస్తారు. ఐసీటీసీ అనే సలహా, పరీక్షల కేంద్రంలో హెచ్ఐవీ పరీక్ష కూడా ఉచితమే. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం సాధారణంగా మీ అనుమతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఫలితం ఇతరులకు చెప్పకూడదు. ఫోన్‌లో మాట్లాడాలంటే 1097 ఉంది. ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర అందరి ముందూ వివరాలు చెప్పనక్కర్లేదు. "మూత్ర సమస్య" అనండి చాలు. గదిలోకి వెళ్లాక మాత్రం నాకు రాసిన ఉత్తరంలోని మొదటి ఏడెనిమిది వాక్యాలు కాగితం మీద రాసుకుని వెళ్లి ఆయన చేతిలో పెట్టండి. నోరు పెగలనప్పుడు కాగితం బాగా ఆదుకుంటుంది. పరీక్ష రెండు నిమిషాలది, నొప్పి ఉండదు. మహిళా డాక్టర్ ఉంటే ఇబ్బందిగా ఉందని చెప్పే హక్కు మీకుంది. కానీ చూపించుకోకుండా లేచి రావద్దు.

మీకు షుగర్ తేలి, అది అదుపులోకి వచ్చి, ఫంగస్ మందు సరిగా వాడితే చాలామందిలో చర్మం మళ్లీ మెత్తబడుతుంది. మచ్చ బాగా కట్టేసి ఉంటే సున్తీ చేస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపిస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలు కలయిక మానాలి. అది మతానికి సంబంధించిన విషయమని వెనకాడే హిందూ, క్రైస్తవ పాఠకులు ఉన్నారు. ఇది ఒక చికిత్స, అంతే.

ఈలోగా చీలికలు పూర్తిగా మానేవరకు కలయిక వద్దు. రోజుకు ఒకసారి మామూలు నీళ్లతో, చర్మం ఎంత తేలికగా జరిగితే అంతవరకే జరిపి కడిగి, మెత్తని గుడ్డతో అద్ది తడి లేకుండా ఆరనివ్వండి. సబ్బు, యాంటిసెప్టిక్ ద్రావణాలు తగలనివ్వకండి. శుభ్రం ఎక్కువైతే రోగం పోతుందనుకుని వాటితో రుద్దేవారి చర్మం ఇంకా పాడవుతుంది. ఎరువులు, పురుగుమందుల డబ్బాలు ముట్టుకున్న చేతులతో మూత్రానికి వెళ్లకండి, వెళ్లే ముందు కూడా చేతులు కడుక్కోండి. మీ వృత్తిలో ఇది చాలామంది మరిచిపోయే విషయం. తర్వాతి రోజుల్లో పొడిగా ఉండి రాపిడి అవుతుంటే నీటితో తయారైన లూబ్రికెంట్ జెల్లు వాడండి. కండోమ్ వాడేవారు కొబ్బరినూనె రాస్తే లేటెక్స్ బలహీనపడి చిరుగుతుంది.

ఇక మీ భార్య. ఆమెకు ఈ మూడు నెలలుగా దురద, తెల్లబట్ట, మంట ఉన్నాయా అని అడిగారా? ఫంగస్ ఆమెలోనూ ఉంటే ఇద్దరికీ ఒకేసారి మందు వాడాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. ఇందులో ఎవరి నడవడికనూ అనుమానించవలసింది లేదు. క్యాండిడా ఆరోగ్యంగా ఉన్నవారి శరీరంలో కూడా నివసించేదే, చక్కెర దొరికినప్పుడు పెచ్చుమీరుతుంది. ఒకవేళ పరీక్షల్లో క్లమీడియా లాంటిది బయటపడితే ఇద్దరూ మందు వాడి, ఆ తర్వాత వారం రోజులు దూరంగా ఉండాలి. అది ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో పరీక్ష చెప్పలేదు. ఏళ్ల తరబడి లక్షణాలు లేకుండా ఉండగలదు కాబట్టి ఆ కాగితం పట్టుకుని ఇంట్లో పంచాయితీ పెట్టవద్దు.

ఆమె వేరే అర్థం తీసుకుంటోందని రాశారు. మూడు నెలలుగా కారణం చెప్పకుండా పక్కకు తిరిగి పడుకునే భర్తను చూసి ఏ భార్య అయినా ఇంకేమనుకుంటుంది? నొప్పి పుడుతోందని, చర్మం చీలుతోందని, భయంగా ఉందని చెప్పండి. అవసరమైతే చూపించండి. తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి కంగారు పడుతుందేమో గాని నవ్వదు. నాకు రాయగలిగినవారు ఆమెకు చెప్పగలరు. ఆస్పత్రికి ఆమె తోడు వస్తే ఇంకా మంచిది, ఆమె షుగర్ కూడా అదే రోజు చూపించుకోవచ్చు.

రాత్రి భోజనం తొమ్మిదింటికల్లా ముగించి, మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా, పొద్దున కాఫీ కూడా తాగకముందే ల్యాబుకు వెళ్లండి. ఆ రిపోర్టు, ఆయింట్‌మెంట్ ట్యూబు, మీరు వాడే ఇతర మందులు ఏవైనా ఉంటే అవి, మూడూ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. పరగడుపు అంకె 126 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే మీ తోబుట్టువులకు కూడా ఫోన్ చేసి పరీక్ష చేయించుకోమనండి.